మీ ఊరి రైలు కట్ట ఎప్పటిది? విశాఖ చుట్టుపక్కల లైన్ల చరిత్ర వెతికే పద్ధతి

ఒక లైను ఎప్పుడు పడిందని అడిగితే ఇద్దరు రెండు సంవత్సరాలు చెబుతారు. చాలాసార్లు ఇద్దరిదీ నిజమే. మంజూరు, మొదటి గూడ్స్, మొదటి ప్యాసింజరు, రిబ్బను కత్తిరించిన రోజు, ఈ నాలుగూ వేర్వేరు తేదీలు. అందుకే లైనును స్టేషన్ నుంచి స్టేషన్‌కు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు నాలుగు గడులు గీసుకోండి. విజయనగరం–రాయ్‌పూర్ లైను 1931లో పూర్తయింది. కానీ పార్వతీపురానికి బండి 1908–09లోనే వచ్చింది. పార్వతీపురం పక్కన 1931 వేస్తే ఇరవై ఏళ్లకు పైగా తప్పు.

ఏ కంపెనీ కాగితాలు చూడాలన్నది తర్వాతి ప్రశ్న. 1890లలో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసిన ప్రధాన లైను ఆ తర్వాత వాల్తేరు దగ్గర రెండుగా పంచుకున్నారు. ఉత్తరాన కొత్తవలస వైపు బెంగాల్ నాగపూర్ రైల్వే, దక్షిణాన అనకాపల్లి, తుని వైపు మద్రాసు రైల్వే. జిల్లా పేరుతోనూ జాగ్రత్త. కొరాపుట్ 1936 దాకా విశాఖ జిల్లాలోదే. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో, ఆ తర్వాత 1950 దాకా విశాఖ జిల్లాలో ఉండేది. 1913 నాటి సాలూరు కొమ్మ లైనును ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా పేరుతో వెతికితే ఏమీ దొరకదు.

సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల షీట్లలో విశాఖ, కొత్తవలస 65 ఓ నంబరు షీటులో, విజయనగరం 65 ఎన్ లో, అరకు 65 జె లో ఉంటాయి. షీటు అచ్చయిన ఏడాది కాదు, సర్వే చేసిన ఏడాది చూడండి. కొత్తవలస–కిరండూల్ లైను 1960లలో ఇనుప ఖనిజం కోసం వేసినది. అంతకు ముందు సర్వే చేసిన షీటులో అది లేకపోవడం సహజమే. పాత దూరాలు మైళ్లు, గొలుసుల్లో ఉంటాయి. మైలుకు 80 గొలుసులు, గొలుసు 20.12 మీటర్లు. 12 మైళ్ల 40 గొలుసులంటే 20.1 కిలోమీటర్లు.

రైలు పట్టా పక్క మీద పోతపోసినట్టు కంపెనీ పేరు, ఏడాది, బరువు ఉంటాయి. 90 ఆర్ అంటే గజానికి 90 పౌండ్లు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మెయిన్ లైనులో తీసేసిన పాత పట్టాలను సైడింగుల్లో మళ్లీ వేస్తారు, కంచె స్తంభాలుగానూ పాతుతారు. పట్టా మీది ఏడాది పట్టాదే, లైనుది కాదు. వంతెన రాతి గోడ మీది ఏడాదే కాస్త నమ్మదగినది, అది కూడా తిరగకట్టినది కాకపోతే. గేటు దగ్గరో, ప్లాట్‌ఫారం మీదో నిలబడి చూడండి. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు.

పట్టాలు ఎత్తేసినా కట్ట మిగులుతుంది, దాని పక్కన మట్టి తీసిన గోతులూ వరసగా మిగులుతాయి. తహసీల్దారు కార్యాలయంలో గ్రామ పటం, ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్ల వారీ పాత భూముల రిజిస్టరు) చూస్తే ఆ నేల రైల్వే పోరంబోకుగా కనిపించవచ్చు. జమీందారీ గ్రామాలకైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (అప్పుడు తయారైన భూముల రిజిస్టరు) అడగండి.

చివరికి ఖాళీగా మిగిలిన గడులకు సమాచార హక్కు దరఖాస్తు, రుసుం పది రూపాయలు, గడువు 30 రోజులు. “లైను చరిత్ర ఇవ్వండి” అంటే తిప్పి పంపేస్తారు. ఫలానా రెండు స్టేషన్ల మధ్య గూడ్స్, ప్యాసింజరు ప్రారంభ తేదీలున్న పత్రం నకలు, ల్యాండ్ ప్లాన్ (రైల్వే నేల హద్దుల పటం) నకలు అని విడివిడిగా అడగండి.