గృహహింస బాధితుల సంస్థ కమిటీలో చేరితే పని ఎలా చేయాలి?

మీ ఊళ్లో గృహహింస బాధితులకు అండగా నిలిచే సంస్థ మిమ్మల్ని కార్యవర్గంలోకి రమ్మంటే, సరే అనే ముందు బైలా (సంస్థ నియమావళి), గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, ఆదాయపు పన్ను మినహాయింపుకు సంబంధించిన 12ఎ, 80జి పత్రాలు అడగండి. 2005 గృహహింస చట్టం 10వ సెక్షన్ కింద సర్వీస్ ప్రొవైడర్‌గా, అంటే బాధితులకు సాయం చేసే గుర్తింపు ఉన్న సంస్థగా, నమోదైందో లేదో చూడండి. చూపించడానికి నసిగితే చేరకండి.

మీటింగుల సంగతి తేలికే. అజెండా వారం ముందు రావాలి, మినిట్స్ అక్కడే రాసి సంతకాలు పెట్టాలి, చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి. మీటింగ్ శనివారం సాయంత్రమే పెట్టాలి, ఆదివారం పెడితే సగం మంది పెళ్లిళ్లకు వెళ్లిపోయి కోరం ఉండదు. వాట్సాప్‌లో తీర్మానాలు వద్దే వద్దు.

అందరూ పొరపాటు చేసేది కేసుల దగ్గరే. కమిటీలో ఉన్నాం కదా అని "ఎవరమ్మాయి, ఎవరి కోడలు?" అని అడిగేస్తారు. ఆ పేరు మీకు అక్కర్లేదు. ఈ నెల ఎంతమంది వచ్చారు, ఎందరికి ఆశ్రయం దొరికింది, ఎందరికి లాయరును పెట్టాం, ఎంత ఖర్చయింది, ఇంతవరకే మీ పని. చిన్న ఊళ్లో "ఇద్దరు పిల్లలు, టీచరు, ఫలానా వీధి" అంటే పేరు చెప్పినట్టే. కోర్టుకు వెళ్లిన ఆటో వోచర్ మీద కూడా పేరు రాయకుండా కేసు నంబరు వేయించండి, ఎందుకంటే ఆ కాగితం ఆడిటర్ ఆఫీసులో పదిమంది చేతుల్లో తిరుగుతుంది.

ఆ తర్వాత ఫోన్ వస్తుంది, తప్పకుండా వస్తుంది. "అక్కా, మా కోడలు మీ దగ్గరే ఉందంట కదా, మీరొక్క మాట చెబితే వింటది." ఉందనీ చెప్పొద్దు, లేదనీ చెప్పొద్దు. ఈసారి లేదని చెప్పి, మరోసారి ఇంకొకరి గురించి అడిగినప్పుడు మాట్లాడకపోతే ఉందనే అర్థం చేసుకుంటారు. అందుకే ఎవరికైనా ఒకటే మాట: "ఎవరున్నారో నేను చెప్పను, సెంటర్ నంబరుకు చేయండి." ఫోన్ పెట్టగానే, ఎంత రాత్రయినా సరే, సెంటర్ నడిపే కోఆర్డినేటర్‌కు చెప్పండి. భార్య ఇల్లు వదిలి వచ్చిన ఆ రోజుల్లోనే ప్రాణానికి ముప్పు ఎక్కువ, వాళ్లు వెతుకుతున్నారన్న సంగతి ఆమెకు తెలిసి తీరాలి.

కొందరు పాత సభ్యులు పెద్దమనుషుల్లో పెట్టి సర్దిచెప్పి కాపురానికి పంపితే త్వరగా తేలిపోతుందంటారు. నేను ఒప్పుకోను. కొట్టినవాడు ఎదురుగా కూర్చుంటే ఆమె నోరు విప్పదు, తలూపి వెళ్తుంది, మళ్లీ దెబ్బలతో వస్తుంది. చట్టంలో దారి ఉంది: ఆమె కోరితే సంస్థ గృహహింస నివేదిక రాసి మెజిస్ట్రేటుకు, ప్రొటెక్షన్ ఆఫీసరుకు (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) పంపుతుంది, 12వ సెక్షన్ కింద ఆమె మెజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, 19వ సెక్షన్ కింద అదే ఇంట్లో ఉండే హక్కు అడగవచ్చు. కౌన్సెలింగ్ అవసరమనుకుంటే 14వ సెక్షన్ కింద మెజిస్ట్రేటే ఆదేశిస్తారు. ఆమె కోరితేనే అన్న మాట మాత్రం మరవకండి, కేసు పెట్టమని ఒత్తిడి చేయడం కూడా తప్పే.

విరాళాల జాబితా ముందుగా కోఆర్డినేటర్ చూడాలి. ఆమె ఒక పేరు వద్దంటే కారణం అడగకుండా డబ్బు వాపసు చేయండి. అది ఏ భర్త తరఫువాళ్లదో మీకు తెలియాల్సిన పని లేదు.