పాత సైకిల్ విడిభాగాలు ఆన్‌లైన్‌లో అమ్మడం – 3వ పాఠం: ఎక్కడ పెట్టాలి, డబ్బు ఎలా తీసుకోవాలి

గత రెండు పాఠాల్లో విడిభాగాలు ఊడదీసి శుభ్రం చేశాం, కొలతలూ కోడ్లూ రాసుకున్నాం. ఇప్పుడు ఆ సామానంతా నేల మీద పరిచి రెండు కుప్పలు చేయండి. చోటు ఎక్కువ ఆక్రమించి ధర తక్కువ పలికేవి ఒకవైపు: చక్రాలు, ఫ్రేము, సస్పెన్షన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు తగ్గించే భాగం), టైర్లు. చిన్నవే అయినా రేటు పలికేవి మరోవైపు: డిరైలర్ (గేరు మారేటప్పుడు చైన్‌ను పక్కకు జరిపేది), షిఫ్టర్లు (హ్యాండిల్ మీది గేరు మీటలు), క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల కట్ట), బ్రేకు కాలిపర్లు (బ్రేకు నొక్కితే బిగుసుకునే భాగాలు). చాలామంది ఏ యాప్ మంచిదని మొదలుపెడతారు. ముందు తేలాల్సింది ఏ వస్తువు ఏ కుప్పలోదన్నది.

లెక్క చూడండి. స్పీడ్ పోస్టులోనైనా కొరియర్‌లోనైనా పార్శిల్ అసలు బరువొక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. ఆ వచ్చిన కిలోలు, అసలు బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. ఒక చక్రానికి 70 × 70 × 15 పెట్టె కావాలనుకోండి. అది 14.7 కిలోలు. చక్రం రెండు కిలోలే తూగినా కట్టేది దాదాపు 15 కిలోలకు. డిరైలర్‌కు 20 × 15 × 8 పెట్టె చాలు, అర కిలో కూడా దాటదు.

అందుకే మొదటి కుప్ప మనముండే బెంగళూరు దాటకుండా చూసుకోండి. ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ లాంటి చోట్ల మనవాళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు దీనికి సరిపోతాయి. 'మంచి చక్రం' అని రాస్తే రోజంతా ప్రశ్నలే. '700సీ వెనక చక్రం, హబ్ 135 మి.మీ., 8 స్పీడ్ క్యాసెట్ పడుతుంది' అని రాయండి (700సీ అంటే చక్రం సైజు, హబ్ అంటే చక్రం మధ్య భాగం, 8 స్పీడ్ అంటే ఎనిమిది పళ్ల చక్రాలున్నది). పళ్ల చక్రాల కట్టను హబ్‌కు మరతో బిగించే ఫ్రీవీల్ రకమైతే ఆ మాట తప్పక చేర్చాలి, క్యాసెట్ దానికి పట్టదు. కొన్నాయన ఇంటికెళ్లి చూసుకుని తిరిగి రావడానికి ఎక్కువగా కారణం ఇదే. ఫ్రేము అయితే బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) అడుగున చెక్కిన నంబరూ, ఉంటే కొన్న బిల్లూ చూపించండి. దొంగ సైకిలేమోనన్న అనుమానం అక్కడికక్కడే తీరుతుంది.

రెండో కుప్పను దేశంలో ఎక్కడికైనా పంపొచ్చు. సైక్లిస్టుల గ్రూపుల్లో కోడ్ ముందు పెట్టి రాయండి: 'ఆర్‌డీ-ఎం310, షిమానో ఆల్టస్, 7, 8 స్పీడ్‌లకు'. వెతికేవాళ్లు ఆ కోడ్‌తోనే వెతుకుతారు. దెబ్బతిన్న కార్బన్ ఫోర్కు, హ్యాండిల్, కిందపడ్డ హెల్మెట్ మాత్రం ఎంత ధరకు అడిగినా అమ్మకండి. లోపలి పగులు పైకి కనిపించదు, విరిగేది ఇంకొకరు తొక్కుతున్నప్పుడు.

ఇక డబ్బు. నేరుగా ఇచ్చిపుచ్చుకునేటప్పుడు పగటిపూట మెట్రో స్టేషన్ బయట కలవండి. వెర్నియర్ కాలిపర్ (మందం కొలిచే పరికరం) తీసుకెళ్తే సీటు కింది గొట్టం, అంటే సీట్ పోస్ట్, 27.2 మి.మీ. దా, 27.0 దా అన్న వాదన అక్కడే తెగిపోతుంది. నగదైనా యూపీఐ అయినా సరే. అయితే అవతలివారి ఫోన్‌లో ఆకుపచ్చ టిక్కు చూసి వస్తువు వదలకండి. అచ్చం అలాంటి స్క్రీనే చూపించే నకిలీ యాప్‌లున్నాయి. మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ పెరిగిందో లేదో చూశాకే చేతికివ్వండి. మెసేజ్‌ను కూడా నమ్మొద్దు.

దూరపు అమ్మకంలో పూర్తి సొమ్ము అందాకే పార్శిల్ కదలాలి. కొనేవారికీ భయముంటుంది కదా, అందుకని వీడియో కాల్‌లో వస్తువు తిప్పి చూపించండి. తర్వాత కోడ్ కనిపించడం నుంచి పెట్టె మూసి చిరునామా అతికించేదాకా మధ్యలో ఆపకుండా వీడియో తీసి, ట్రాకింగ్ నంబరుతో కలిపి పంపండి. 'వేరే వస్తువు వచ్చింది' అన్న తగాదాకు ఆ వీడియోనే జవాబు.

డబ్బు రావడానికి పిన్ నొక్కాల్సిన పని ఎప్పుడూ లేదు. పిన్ అడిగిందంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే. సైన్యంలో ఉన్నానని చెప్పి, బేరమాడకుండా, వస్తువు చూడకుండా, క్యూఆర్ పంపి స్కాన్ చేయమనే వ్యక్తి దగ్గర మాట అక్కడితో ఆపేయండి. 'పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిప్పి పంపండి' అన్నా ముందు బ్యాలెన్స్ చూడండి. అప్పటికే పోయిందంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

చాలామందికి తట్టని ముప్పు ఇంకొకటుంది. మీకొచ్చిన సొమ్ము ఎక్కడో మోసం చేసి తెచ్చినదైతే, పోలీసులు ఆ జాడ పట్టుకుని వచ్చినప్పుడు మీ ఖాతా కూడా స్తంభించవచ్చు. జీతం పడే ఖాతాకు ఈ యూపీఐ కలపకండి, చిన్న సేవింగ్స్ ఖాతా విడిగా పెట్టుకోండి. కొనేవారి పేరూ, డబ్బు పంపిన పేరూ ఒకటి కాకపోతే ఎవరిదని అడగండి. జవాబు సరిగా లేకపోతే బేరం వదులుకోవడమే మేలు. చాట్, ట్రాకింగ్ రశీదు మాత్రం చెరిపేయొద్దు.

4వ పాఠానికి ముందు చేయాల్సిన పని: ఒక్కో కుప్పలోంచి ఒక్కో వస్తువు తీసి, దానికి పట్టే పెట్టె కొలిచి, 5000తో భాగించి, పార్శిల్ ఖర్చు కనుక్కుని అమ్మకం ధర పక్కన రాయండి. ఖర్చు ధరలో మూడో వంతు దాటినవి మొదటి కుప్పలోకి మార్చండి.