ఆల్ టైమ్ టీమ్ డ్రాఫ్ట్ చేసే ముందు ఇది చూస్కోండి
ఫ్రెండ్స్‌తో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆల్ టైమ్ టీమ్స్ డ్రాఫ్ట్ చేసుకునేవాళ్ళు, అంటే అన్ని కాలాల ప్లేయర్లని వంతులవారీగా ఎంచుకునేవాళ్ళు, మొదటి పిక్‌కి ముందే ఒకటి తేల్చుకోండి, ప్లేయర్ బెస్ట్ సీజన్ లెక్కా లేక మొత్తం కెరీరా అని, లేదంటే తర్వాత వాదన తెగదు. ఇంకోటి, స్టీల్స్ (బంతి లాక్కోవడం), బ్లాక్స్ (షాట్‌ని అడ్డుకోవడం) అఫీషియల్‌గా లెక్కపెట్టడం మొదలైందే 1973-74 సీజన్ నుంచి, త్రీ పాయింట్ లైన్ (దాని బయట నుంచి బాస్కెట్ వేస్తే మూడు పాయింట్లు) వచ్చింది 1979-80లో, అందుకే అంతకు ముందే ఆడేసిన బిల్ రస్సెల్ పేరు పక్కన బ్లాక్స్ ఖాళీగా కనిపిస్తాయి, అది చూసి ఆయన్ని కిందకి తోసేయకండి ప్లీజ్, 11 టైటిల్స్ గెలిచిన డిఫెండర్ ఆయన! అలాగే విల్ట్ చాంబర్లేన్ 1961-62లో కొట్టిన మ్యాచ్‌కి 50.4 పాయింట్ల యావరేజ్‌ని ఇప్పటివాళ్ళతో నేరుగా పోల్చొద్దు, అప్పట్లో గేమ్ చాలా ఫాస్ట్, షాట్లు ఎక్కువ వేసేవాళ్ళు. ఆ సీజన్‌లో మిగతా స్టార్స్ ఎంత కొట్టారో దాంతో పోల్చి చూడండి, అప్పుడే ఎవరు ఎంత ముందున్నారో కరెక్ట్‌గా తెలుస్తుంది.