రాంచ్ డ్రెస్సింగ్‌ను తక్కువ కొవ్వుతో ఇంట్లో ఎలా తయారు చేయాలి?

అమెరికాలో సలాడ్ మీద ఎక్కువగా పోసుకునే రాంచ్ డ్రెస్సింగ్‌కు మూలం మనకు బాగా తెలిసిన మజ్జిగే. 1950ల ప్రాంతంలో అలాస్కాలో ప్లంబింగ్ కాంట్రాక్టరుగా ఉన్న స్టీవ్ హెన్సన్, తన పనివారికి వండిపెడుతూ మజ్జిగ, మయోనైజ్ (నూనె, గుడ్డు సొన గిలకొట్టి చేసే చిక్కటి సాస్), ఆకు మసాలాలు కలిపి దీనికి రూపమిచ్చాడు. 1954లో భార్య గేల్‌తో కలిసి కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా దగ్గర ఒక రాంచ్ (పశువుల పెంపక క్షేత్రం) కొని, దానికి హిడెన్ వ్యాలీ అని పేరు పెట్టి, అక్కడి అతిథులకు దీనిని వడ్డించాడు. రుచి మరిగినవారి కోసం మసాలా పొడిని పొట్లాలు కట్టి తపాలాలో అమ్మడం మొదలైంది. 1972లో క్లోరాక్స్ సంస్థ ఆ వ్యాపారాన్ని 80 లక్షల డాలర్లకు కొన్నది.

సీసాల్లో దొరికే రకం రెండు టేబుల్ స్పూన్లు, అంటే దాదాపు 30 గ్రాములు తీసుకుంటే, సుమారు 130 క్యాలరీలు, 13 గ్రాముల కొవ్వు, 250 మిల్లీగ్రాముల సోడియం శరీరంలోకి చేరతాయి. ఈ కొవ్వంతా దాదాపుగా మయోనైజ్‌లోని నూనెదే. అయితే నూనె బొత్తిగా లేకపోవడమూ మంచిది కాదు, ఎందుకంటే క్యారెట్, టమాటాల్లోని కెరోటినాయిడ్లు (వాటికి రంగునిచ్చే పోషకాలు) ఒంటికి పట్టాలంటే కొంత కొవ్వు ఉండాలి. కాబట్టి మయోనైజ్‌ను మానకుండా తగ్గించడమే నా పద్ధతి.

ముందుగా కప్పున్నర గట్టి పెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి, గిన్నెపై ఫ్రిజ్‌లో మూడు గంటలు ఉంచండి. నీరు దిగిన పెరుగులోంచి ముప్పావు కప్పు తీసుకుని, పావు కప్పు మయోనైజ్ చేర్చి, గడ్డలు లేకుండా గిలకొట్టండి.

తరువాత అర చెంచా చొప్పున వెల్లుల్లి పొడి, ఉల్లిపాయ పొడి, పావు చెంచా మిరియాల పొడి, సన్నగా తరిగిన సోయికూర రెండు చెంచాలు, కొద్దిగా నిమ్మరసం కలపండి. మయోనైజ్‌లో ఉప్పు ముందే ఉంటుంది కనుక రుచి చూశాకే వేసుకోవాలి. పుల్లని చిక్కటి మజ్జిగను చెంచా చెంచాగా పోస్తూ, గరిటె వెనుక వేలితో గీసిన గీత చెరగకుండా నిలిచేంత చిక్కదనం వద్ద ఆపండి.

కలిపిన వెంటనే రుచి చూస్తే వెల్లుల్లి ఘాటు నాలుకకు తగులుతుంది. పొడులు నానడానికి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే అది మెత్తబడుతుంది. ఇలా చేసినదానిలో రెండు టేబుల్ స్పూన్లకు క్యాలరీలు దాదాపు సగానికి తగ్గుతాయి, రుచిలో పెరుగు పులుపు కాస్త ముందుకు వస్తుంది. మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లోనే ఉంచి, నాలుగు రోజుల్లోపు వాడేయండి. పైన నీరు తేరితే మళ్లీ కలిపితే సరిపోతుంది.