ముందు స్పెక్, తరువాత కోడ్: ఏఐతో ధాన్యం కొనుగోలు కేంద్రానికి సీరియల్ పుస్తకం తయారుచేయడం ఎలా?

కావలసినదేమిటో నాలుగు వాక్యాల్లో చెబితే చాలు, ఏఐ పది నిమిషాల్లో పనిచేసే ప్రోగ్రాం ఒకటి రాసి ఇస్తుంది. ఏఐ పరిశోధకుడు ఆంద్రె కర్పతీ 2025 ఫిబ్రవరిలో ఈ తీరుకు వైబ్ కోడింగ్ అని పేరు పెట్టాడు. చిక్కంతా ఆ తరువాతే మొదలవుతుంది. మనం చెప్పకుండా వదిలేసిన ప్రతి విషయాన్నీ ఏఐ తనకు తోచినట్టు పూరించుకుంటుంది. ఏది మనం చెప్పినది, ఏది అది ఊహించుకున్నది అనే తేడా తెర మీద కనిపించదు. ప్రోగ్రాం ఏమి చేయాలో, ఏమి చేయకూడదో ముందుగా మామూలు భాషలో రాసుకొని, స్పెక్ అనే ఆ రాతను సరిచూసుకున్న తరువాతే కోడ్ రాయించడం స్పెక్ ఆధారిత పద్ధతి. అమెజాన్ 2025 జులైలో తెచ్చిన కిరో, అదే ఏడాది సెప్టెంబరులో గిట్‌హబ్ ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన స్పెక్ కిట్ ఈ పద్ధతి కోసమే పుట్టిన పరికరాలు. అవి లేకపోయినా నష్టం లేదు. మూడు నాలుగు టెక్స్ట్ ఫైళ్లు, కోడ్ రాయగల ఏఐ ఒకటి ఉంటే పని జరుగుతుంది.

నమూనాగా మిర్యాలగూడ పరిసరాల్లోని ఒక ఐకేపీ కేంద్రాన్ని ఊహించుకుందాం. మహిళా సంఘం వారు ధాన్యం కొంటారు. రైతు వడ్లు తెచ్చి కుప్ప పోయగానే అతని పేరు నోటుపుస్తకంలోకి ఎక్కి సీరియల్ నంబరు వస్తుంది. తేమ చూస్తారు, గన్నీ సంచులు ఇస్తారు, హమాలీలు నింపి కాంటా వేస్తారు, లారీ వస్తే మిల్లుకు పంపుతారు. ఆ నోటుపుస్తకం స్థానంలో ఫోనులో పనిచేసే చిన్న యాప్ కావాలి.

మొదటి మెట్టు: మారకూడని నియమాలు

స్పెక్ కిట్‌లో దీనిని రాజ్యాంగం అంటారు. పేరు బరువైనదే కాని ఒక పేజీ దాటనవసరం లేదు. మన కేంద్రానికి ఇవి చాలు: నెట్ లేకపోయినా యాప్ పనిచేయాలి, తెర మీది అక్షరాలన్నీ తెలుగులో ఉండాలి, ఒకసారి నమోదైన తూకాన్ని ఎవరూ చెరపకూడదు, దిద్దితే పాత అంకె కూడా కనిపించాలి, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఇందులోకి రాకూడదు. చివరి నియమం ఏఐకి చూపించే నమూనా సమాచారానికి కూడా వర్తిస్తుంది కాబట్టి, పరీక్ష కోసం నిజమైన రైతుల పేర్లకు బదులు కల్పిత పేర్లే వాడండి.

రెండో మెట్టు: ఏమి కావాలో రాయడం

ఇక్కడ డేటాబేస్ మాట, ప్రోగ్రామింగ్ భాష మాట ఎత్తకూడదు. కేంద్రంలో జరిగే పని మాత్రమే రాయాలి. కిరో ఇందుకు ఈయర్స్ అనే వాక్య పద్ధతిని వాడుతుంది. రోల్స్ రాయిస్‌లో విమాన ఇంజిన్ల నియంత్రణ వ్యవస్థల అవసరాలను రాయడంలో రూపుదిద్దుకొని 2009లో ప్రచురితమైన ఆ పద్ధతి, ఏది జరిగినప్పుడు వ్యవస్థ ఏమి చేయాలి అనే అచ్చులో ప్రతి వాక్యాన్నీ ఇముడుస్తుంది. తెలుగుకు ఈ అచ్చు చక్కగా సరిపోతుంది:

1. రైతు కుప్ప పోసినప్పుడు, యాప్ ఆ రోజు తేదీతో తరువాతి సీరియల్ నంబరు ఇవ్వాలి.
2. తేమ 17 శాతం మించినప్పుడు, యాప్ ఆ కుప్పను కాంటాకు పిలవకూడదు.
3. కాంటా పూర్తయినప్పుడు, యాప్ సంచుల సంఖ్య, నికర బరువు, అంచనా విలువ ఉన్న చీటీని చూపాలి.
4. తరుగు తీసినప్పుడు, ఎన్ని కిలోలు, ఏ కారణంతో అన్నది నమోదు కానిదే యాప్ చీటీ ఇవ్వకూడదు.

నాలుగో వాక్యాన్ని ఏఐ తనంతట తాను రాయదు. తాలు పేరిట సంచికి కిలో, రెండు కిలోలు తీస్తున్నారని ప్రతి సీజన్‌లోనూ రైతులు ఎంతగా బాధపడతారో ఎరిగినవారే దానిని రాయగలరు. యాప్ పరిధిలోకి రానివాటిని కూడా దీని కిందనే రాయాలి. డబ్బు చెల్లింపు, రైతు పట్టా వివరాల సరిచూపు ప్రభుత్వ ఆన్‌లైన్ విధానంలో జరుగుతాయి కాబట్టి యాప్ వాటి జోలికి పోదని స్పష్టంగా రాయకపోతే, అడగని చెల్లింపుల పేజీని కూడా ఏఐ ఉత్సాహంగా కట్టిపెడుతుంది.

మూడో మెట్టు: ప్రశ్నలు అడిగించడం

ఈ పద్ధతిలో ఎక్కువ విలువ ఈ మెట్టులోనే ఉందని నా అభిప్రాయం, దీనినే చాలామంది దాటవేస్తారు. స్పెక్‌ను ఏఐకి ఇచ్చి, కోడ్ రాయవద్దని గట్టిగా చెప్పి, ఇందులో రెండు రకాలుగా అర్థమయ్యే చోట్లన్నీ ప్రశ్నలుగా అడగమనండి. మంచి ప్రశ్నలే వస్తాయి. తేమ సరిగ్గా 17 ఉంటే కాంటా వేయవచ్చా? సంచి 40 కిలోలు అన్నప్పుడు గన్నీ బరువు అందులో కలిసి ఉందా? చివరి సంచి నిండకపోతే ఎలా లెక్కించాలి? వీటికి జవాబులు తేలికే: 17 వరకు వేయవచ్చు, 17.1 అయితే ఆగాలి. 40 కిలోలంటే గన్నీ బరువు తీసివేసిన లెక్క. నిండని సంచిని ఉన్న బరువుతో రాయాలి.

తేలికకాని ప్రశ్న ఒకటుంది. సీరియల్ 14లో ఉన్న రైతుకు తేమ 19 వచ్చింది. అతను వడ్లను రెండు రోజులు ఆరబోసి మళ్లీ చూపించేసరికి కాంటా 31వ నంబరుకు చేరింది. ఇప్పుడు అతనిని వెంటనే పిలవాలా, వరుస చివరికి పంపాలా? వెంటనే పిలిస్తే, ఆరబెట్టిన తరువాతే వడ్లు తెచ్చిన 31వ రైతు గొడవకు దిగుతాడు. చివరికి పంపితే, మబ్బు పట్టిన రోజున 14వ రైతు టార్పాలిన్ కప్పిన కుప్ప దగ్గర మరో నాలుగు రాత్రులు కాపలా ఉండాలి. ఏ దారి పట్టినా కోడ్ పది వరుసలకు మించదు, కాని ఆ నిర్ణయం ప్రోగ్రామర్‌ది కాదు, ఏఐది అంతకన్నా కాదు. సంఘం వారిని కూర్చోబెట్టి అడగాలి. మన నమూనాలో వారు ఇలా తేల్చారనుకుందాం: తేమ తగ్గినట్టు తేలిన రైతును, అప్పుడు కాంటా మీదున్న కుప్ప తరువాత మరో ఇద్దరు అయ్యాక పిలవాలి; ఈ వెసులుబాటు ఒక్కసారే. ఈ తీర్పు ఐదో వాక్యంగా స్పెక్‌లో చేరుతుంది. రేపు ఎవరైనా ఎందుకిలా అని అడిగితే చూపడానికి రాత ఉంటుంది.

నాలుగో మెట్టు: ఎలా కట్టాలో ప్రణాళిక

సాంకేతిక నిర్ణయాలు ఇప్పుడు తీసుకోవాలి. నెట్ లేకుండా పనిచేయాలన్న నియమం ఉంది కనుక సమాచారం ఫోనులోనే, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఉంటుంది. మద్దతు ధరను కోడ్‌లో రాయకూడదు. 2024–25లో క్వింటాలుకు సాధారణ రకానికి 2,300, ఏ గ్రేడుకు 2,320 రూపాయలు ఉన్న ధర 2025–26లో 2,369, 2,389 అయింది; ఏటా మారే అంకెలు సీజన్ వారీ పట్టికలో ఉండాలి. సన్నాలకు రాష్ట్రం ఇచ్చే 500 రూపాయల బోనస్‌ను మద్దతు ధరలో కలపకుండా చీటీలో వేరే వరుసగా చూపాలి. ఏఐ ఇచ్చిన ప్రణాళికను చదివేటప్పుడు, ప్రతి భాగం ఏ స్పెక్ వాక్యం కోసమో అడగండి. జవాబు లేని భాగాన్ని తీసేయించండి.

ఐదో మెట్టు: చిన్న పనులు, ప్రతి పనికీ పరీక్ష

ప్రణాళికను ఒక్కొక్కటి అరపూటలో తనిఖీ చేయగలిగినంత చిన్న పనులుగా విడగొట్టించాలి: సీరియల్ ఇవ్వడం, తేమ నమోదు, పిలుపు వరుస, తూకం, చీటీ. ఒక్కో పనికి కోడ్ కంటే ముందు పరీక్ష రాయించాలి, ఆ పరీక్షలోని అంకెలను మీరే ఇవ్వాలి. కోడ్‌నూ, దానికి సరిపోయే అంకెలనూ ఏఐయే తయారుచేస్తే తప్పుకు తప్పే సాక్ష్యం చెబుతుంది. కాగితం మీద లెక్కవేసి ఇవ్వండి: ఏ గ్రేడు వడ్లు 52 నిండు సంచులు, తరుగు లేదు; 2,080 కిలోలు, అంటే 20.80 క్వింటాళ్లు, 2025–26 ధరతో అంచనా విలువ 49,691 రూపాయల 20 పైసలు. పిలుపు వరుసకు 14వ రైతు కథనే పరీక్షగా పెట్టండి: 31వ కుప్ప కాంటా మీద ఉండగా 14కు తేమ 16.5 నమోదైతే తరువాతి పిలుపులు 32, 33, 14, 34 కావాలి.

ఒక పని పరీక్ష దాటి, మీరు కోడ్ మార్పులను చూసి, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో భద్రపరచిన తరువాతే రెండో పనికి వెళ్లాలి. అన్ని పనులనూ ఒకేసారి చేయమంటే ఏఐ చేస్తుంది, కాని ఎక్కడ దారి తప్పిందో వెతకడానికి మీకు అంతకు మించిన సమయం పడుతుంది.

మార్పు వచ్చినప్పుడు

యాసంగి మధ్యలో అకాల వానలు పడి, ఒకే రైతు కుప్పలో సగం తడిసిందనుకుందాం. తడిసిన సగాన్ని వేరే కుప్పగా చూపించాలని సంఘం అడుగుతుంది. నేరుగా కోడ్‌ను మార్చమని ఏఐకి చెప్పాలనిపిస్తుంది, అది నిమిషాల్లో అయిపోతుంది కూడా. అయినా ముందు స్పెక్‌లో వాక్యం రాయండి: కుప్పను విడదీసినప్పుడు, ఆరిన భాగం పాత సీరియల్‌తోనే ఉండాలి, తడిసిన భాగానికి అదే సీరియల్ కింద ఉపసంఖ్య రావాలి. మళ్లీ ప్రశ్నలు అడిగించండి. తడిసిన భాగానికి కూడా ఐదో వాక్యంలోని వెసులుబాటు వర్తిస్తుందా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. దానికి సంఘం జవాబు వచ్చాక పరీక్ష, ఆ తరువాత కోడ్. మారిన స్పెక్, పరీక్ష, కోడ్ మూడూ గిట్‌లో ఒకే మార్పుగా చేరాలి.