ఫర్‌ఫ్యూరల్ టవర్ తెరిచే ముందు

రిఫైనరీలో లూబ్రికెంట్ నూనె తయారయ్యే లూబ్ యూనిట్ ఎక్స్‌ట్రాక్షన్ టవర్లో పాత తిరుగుడు డిస్కులు పీకేసి స్ట్రక్చర్డ్ ప్యాకింగ్ (మడతల పల్చటి రేకుల దొంతర) వేసే షట్‌డౌన్లకి మన విశాఖ, శ్రీకాకుళం కుర్రాళ్లు చాలామంది వెళ్తుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఈ టవర్లో నూనెలోని అక్కర్లేని భాగాన్ని కరిగించి తీసే సాల్వెంట్ ఫర్‌ఫ్యూరల్. దానికి గాలి పడదు. గాలి తగిలితే పులిసి ఆమ్లమవుతుంది, తర్వాత నల్లటి జిగురుగా గట్టిపడుతుంది. అందుకే దాని ట్యాంకు మీద నైట్రోజన్ ఉంచుతారు. అది దాదాపు 162 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కానీ నీళ్లతో కలిస్తే 98 దగ్గరే ఆవిరైపోతుంది. స్టీమ్ అవుట్‌తో, అంటే లోపలికి నీటి ఆవిరి పట్టిస్తే, టవర్ శుభ్రపడేది అందుకే. ఇక్కడే తొందరపడతారు. దాని ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకునే వేడి, సుమారు 60 డిగ్రీలు. స్టీమ్ ఆపగానే ఇనుము అంతకంటే వేడిగా ఉంటుంది. నైట్రోజన్ కింద చల్లారాకే మ్యాన్‌వే (మనిషి దూరే దారి మూత) విప్పండి. చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది కాబట్టి నూలు గ్లవ్స్ పనికిరావు, బ్యుటైల్ రబ్బరువి అడిగి తీసుకోండి.

ఒక రిఫైనరీలో వాక్యూమ్ కాలమ్ నుంచి దించిన పాత ప్యాకింగ్‌ని ఎండలో పెట్టారు. తడి ఆరేకొద్దీ అంచున సన్నగా పొగ లేచింది. నేను చూస్తుండగానే రేకు ఎర్రబడింది. చుట్టుపక్కల వెల్డింగ్ లేదు, బీడీ లేదు. అది ఐరన్ సల్ఫైడ్ పని, ఆరి గాలి తగిలితే తనంతట తనే రాజుకుంటుంది. గంధకం ఉన్న నూనె నడిచిన ఏ టవర్లోనైనా అది ఉండొచ్చు. విప్పిన ముక్కలన్నీ పారేసేదాకా తడిగానే ఉంచాలి.

నైట్రోజన్‌కి వాసన లేదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. రెండు శ్వాసల్లో మనిషి ఒరిగిపోతాడు. ముందు గాలి ఆడించి, పైన, మధ్యన, అడుగున కొలిస్తే మూడుచోట్లా ఆక్సిజన్ కనీసం 19.5 శాతం ఉండాలి. మండే ఆవిరి కూడా కొలవాలి. లోపల ఎవరైనా పడిపోతే పరిగెత్తి దిగకండి. అలా దిగి పోయినవాళ్లు ఎందరో. మ్యాన్‌వే బయట కాపలా ఉండే హోల్ వాచ్ మనిషి టీకి కూడా కదలకూడదు, బదులు మనిషి వచ్చాకే వెళ్లాలి.

ప్యాకింగ్‌ని మోసే సపోర్ట్ రింగుల వెల్డింగ్ అంతా ప్యాకింగ్ ఎక్కించకముందే అయిపోవాలి. ఆ రేకుల మందం మిల్లీమీటరులో పదోవంతు నుంచి ఐదోవంతు. నిప్పంటుకుంటే టవర్ గోడ కూడా మెత్తబడుతుంది. కొత్త ప్యాకింగ్ మీద ఫ్యాక్టరీ నూనె ఉంటే కడిగించండి, లేకపోతే నూనె, సాల్వెంట్ సరిగా విడిపోవు.

చివరగా మ్యాన్‌వే మూసేముందు లోపలికెళ్లిన టార్చి, స్పానరు, గుడ్డ అన్నీ లెక్కపెట్టండి. సాల్వెంట్‌ని సమంగా పంచే డిస్ట్రిబ్యూటర్ రంధ్రాల్లో గుడ్డపీలిక ఇరుక్కున్నా సాల్వెంట్ ఒకపక్కకే దిగుతుంది, ఇదంతా మళ్లీ మొదటినుంచి చేయాల్సొస్తుంది.