మధ్యమధ్యలో ఆగిపోయిన నా ఫాల్కోనే

నా పాత ఇటలీ బైక్ మోటో గుజ్జీ ఫాల్కోనే స్టార్ట్ అయితే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 500 సీసీ ఇంజన్, ఒక్కటే సిలిండర్, అదీ ముందుకు పడుకొని ఉంటుంది. పక్కన బయటే గిర్రున తిరిగే పెద్ద ఫ్లైవీల్, అంటే ఇంజన్ ఊపును నిలిపే బరువైన చక్రం. ఆ నిదానమైన దడదడ శబ్దం కోసమే కొన్నాను.

పోయిన నెల మిలాన్ నుంచి దాని పుట్టింటికి, కోమో సరస్సు ఒడ్డున ఉన్న మాండెల్లో దెల్ లారియోకి బయల్దేరితే పావుగంటకోసారి ఆగిపోయింది. ఒకటే టెన్షన్. ప్లగ్ మార్చాను, కార్బురేటర్ విప్పి తుడిచాను. లాభం లేదు.

నాలుగోసారి ఆగినప్పుడు పెట్రోల్ ఎంత ఉందో చూద్దామని ట్యాంక్ మూత తిప్పాను. 'స్‌స్' మంటూ గాలిని లోపలికి లాక్కుంది. ఒక్క కిక్కుకే స్టార్ట్! మూతలోని సన్నటి గాలి రంధ్రం నేను రుద్దిన పాలిష్‌తో పూడుకుపోయింది. పైనుంచి గాలి వెళ్ళక పెట్రోల్ కిందికి దిగలేదన్నమాట. సన్నటి తీగతో పొడిచి, పెట్రోల్‌తో కడిగాను. మళ్ళీ మిలాన్ చేరేదాకా ఎక్కడా ఆగలేదు.